పాత సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు ముందు చదవాల్సింది మినిట్స్ పుస్తకం

ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న సంఘానికి కొత్త పాస్టరుగా వెళ్లేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటుంది: మొదటి ఏడాది ఏమీ మార్చకు. మంచి సలహానే కానీ అది సగమే, ఎందుకంటే ఆ ఏడాదంతా ఏం చెయ్యాలో అందులో లేదు. చేతులు కట్టుకుని కూర్చున్న పాస్టరుకు ఏడాది తిరిగినా ఆ సంఘం గురించి కొత్తగా ఏమీ తెలియదు. అప్పుడు చేసే మార్పు మొదటి నెలలో చేసినంత గుడ్డిగానే ఉంటుంది. వార్షికోత్సవం రోజున పాతవాళ్లను నాలుగు మాటలు పొగిడితే గతాన్ని గౌరవించినట్టే అనుకునేవాళ్లూ ఉన్నారు. తెలియని గతాన్ని ఎలా గౌరవిస్తాం? తెలుసుకోవడం కూర్చుని చెయ్యాల్సిన పని, దానికో వరస ఉంది.

బైబిల్లో, కూలిన గోడ తిరిగి కట్టించడానికి వచ్చిన నెహెమ్యా యెరూషలేము చేరాక మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. రాత్రిపూట కొద్దిమందిని వెంటబెట్టుకుని గోడ ఎక్కడెక్కడ కూలిందో, ఏ గుమ్మం కాలిపోయిందో తిరిగి చూశాడు. కడదాం రండని పిలిచింది ఆ తర్వాతే. మన విషయంలో ఆ తిరుగుడు కాగితాలతో మొదలవుతుంది.

మినిట్స్ పుస్తకాలు (కమిటీ సమావేశాల్లో జరిగినది రాసిపెట్టేవి), సభ్యుల రిజిస్టరు, బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన రిజిస్టర్లు, సంఘ నియమావళి, స్థలం దస్తావేజులు, ఏటేటి లెక్కలు, పాత వార్షికోత్సవ సంచికలు. ఇవన్నీ ఒకేచోట ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. కొన్ని ఆఫీసు బీరువాలో ఉంటాయి, కొన్ని పాత కార్యదర్శి ఇంట్లో, కొన్ని ఎప్పుడో చనిపోయిన కోశాధికారి పిల్లల దగ్గర అట్టపెట్టెలో. ఎక్కడ ఏముందో ముందు జాబితా రాసుకోవాలి. ఎవరింటి నుంచి ఏది తెచ్చినా రశీదు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఒకటే ప్రతి ఉన్న పుస్తకాన్ని పాస్టరు ఇంటికి తీసుకెళ్లకూడదు. కొత్తవాడు వచ్చీ రాగానే పుస్తకాలు పట్టుకుపోయాడన్న మాట ఒకసారి పుడితే దాన్ని ఆపడం కష్టం.

చదవడానికి కూడా ఒక క్రమం పెట్టుకోండి. ముందు చివరి పదేళ్ల మినిట్స్, ఆ తర్వాత మొట్టమొదటి ఐదేళ్లవి, ఆపైన పాస్టరు మారిన ప్రతిసారీ దానికి ముందు ఏడాది, తర్వాతి ఏడాది. ఇప్పటికీ చల్లారని గొడవలు మొదటి వాటిలో ఉంటాయి. ఈ సంఘం అసలు ఎందుకు పుట్టిందో రెండో వాటిలో దొరుకుతుంది. పాస్టరును ఎలా ఆహ్వానిస్తారో, ఎలా సాగనంపుతారో మూడో వాటిలో కనిపిస్తుంది. వరుసగా నలుగురు పాస్టర్లు మూడేళ్లు నిండకుండానే వెళ్లిపోయి ఉంటే ఆ సంగతి మీ మొదటి నెలలోనే తెలియడం మంచిది.

చదువుతూ ఒక పొడవాటి కాగితం మీద కాలపట్టిక గీసుకోండి. పైన సంవత్సరాలు, కింద నాలుగు వరసలు: పాస్టర్ల పేర్లు, కట్టడాలు, సభ్యుల సంఖ్య, కానుకల మొత్తం. విడివిడిగా ఏమీ చెప్పని అంకెలు పక్కపక్కన పెడితే మాట్లాడతాయి. ఒక్క ఏడాదిలో సభ్యుల సంఖ్య బాగా పడిపోయిందనుకుందాం. కానుకలు కూడా పడిపోతే జనం నిజంగా వెళ్లిపోయారని. కానుకలు అలాగే ఉంటే ఎప్పుడో వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఆ ఏడు రిజిస్టరులోంచి తీసేశారని. సంఖ్య నిలకడగా ఉండి కానుకలు మాత్రం తగ్గుతూ వస్తే అసంతృప్తి లోపల పెరుగుతోందేమో చూడాలి, చీలికకు ముందు చాలాచోట్ల కనిపించే గుర్తు అదే. అలాగే మినిట్స్‌లో "చర్చించి వాయిదా వేశాము" అని ఒకే విషయం మీద మూడుసార్లు వస్తే అక్కడ రాయని తగవు ఉన్నట్టే. పేజీలు చిరిగి ఉన్నా, ఆరు నెలలు కూటమి జరిగిన ఆనవాళ్లే లేకపోయినా ఆ చోట గుర్తు పెట్టుకోండి. వెంటనే ఎవరినీ అడగొద్దు.

లెక్కల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి షరతుతో ఇచ్చిన విరాళాలు. ఫలానావారి జ్ఞాపకార్థం, పేదపిల్లల చదువుకు అని ఇచ్చిన డబ్బుతో పైకప్పు వేయించకూడదు, ఎంత అవసరమొచ్చినా సరే. చాలాచోట్ల అది చట్టరీత్యా తప్పు. చట్టం పట్టుకోకపోయినా ఇచ్చినవారి కుటుంబం మరచిపోదు. దాత రాసిన ఉత్తరం, దాన్ని అంగీకరించిన తీర్మానం, ఇప్పటి నిల్వ, ఈ మూడూ ఒకచోట చేర్చి కోశాధికారి చేత సరిచూపించుకోండి.

ఆ కాగితాలు ముట్టుకునే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం మంచి మనసుతోనే జరుగుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించకూడదు, ఆ జిగురు కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి అక్షరాల్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ విడదీయలేం. రబ్బరుబ్యాండ్లు, గుండుసూదులు, తుప్పుపట్టే క్లిప్పులు తీసేయాలి. కాగితాలకు చేతి తొడుగుల కంటే కడిగి ఆరబెట్టుకున్న చేతులే నయం, తొడుగు వేసుకుంటే అంచు ఎక్కడుందో వేలికి తెలియక పేజీ చిరుగుతుంది. గుర్తులు పెన్సిలుతోనే పెట్టాలి. రాతప్రతులు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య)లో, ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేస్తే చాలు. మూడు కాపీలు ఉంచండి, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, వాటిలో ఒకటి చర్చి ఆవరణకు బయట. అసలు ప్రతుల్ని నేలమీద, బయటిగోడకు ఆనించి పెట్టొద్దు, నీళ్లు ముందు చేరేది అక్కడికే. సభ్యుల మీద తీసుకున్న క్రమశిక్షణ చర్యల కాగితాలు మాత్రం వేరుగా సీలు వేసి ఉంచాలి, చరిత్ర ప్రదర్శనల్లోకి అవి రాకూడదు.

పాత ఫొటోల పని అన్నిటికంటే తొందరగా చెయ్యాలి. అందులోని ముఖాలను గుర్తుపట్టగలిగేవాళ్లు ఏటా తగ్గిపోతుంటారు. వరసవారీగా ఎడమనుంచి కుడికి పేర్లు అడిగి, ఫొటో పెట్టబోయే కవరు మీద ముందే రాసి, తర్వాత ఫొటోను అందులో పెట్టండి.

ఇక మనుషులు. వారానికి రెండిళ్ల చొప్పున వెళితే వంద కుటుంబాల సంఘానికి ఏడాది పడుతుంది, కాబట్టి ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో తేల్చుకోవాలి. కొత్త పాస్టరును మొదటి వారమే భోజనానికి పిలిచేవాళ్లలో ఒకరిద్దరికి తప్పకుండా చెప్పుకోవాల్సిన ఫిర్యాదు ఉంటుంది. వెళ్లండి, వినండి, కానీ సంఘ చరిత్రను మొదట వాళ్ల నోట నేర్చుకోవద్దు. బాగా వయసు పైబడినవారు, ఇంటినుంచి కదల్లేనివారు, మాజీ పాస్టర్ల భార్యలు, ఎన్నో ఏళ్లుగా సండేస్కూల్ చెబుతున్నవారు, తలుపులు తెరిచి ఊడ్చి దీపాలు వేసే మనిషి, వీళ్లు ముందు. ఆ చివరి మనిషికి పెద్దల కమిటీకి తెలియనివి తెలుస్తాయి. సంఘం విడిచి వెళ్లినవాళ్లలో కొందరినైనా కలవాలి. తిరిగి రమ్మని అడగడానికి కాదు, వినడానికే వచ్చానని ముందే చెప్పాలి.

ముప్పావుగంట నుంచి గంట చాలు. అడగాల్సినవి నాలుగైదు: మీరు ఈ సంఘంలోకి ఎలా వచ్చారు? ఇక్కడ మీ విశ్వాసం బలపడిన సందర్భం ఏది? ఏది పోతే మీకు బాధ కలుగుతుంది? ఏ విషయం గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు? చివరి ప్రశ్నకు మొదటిసారి జవాబు రాదు. రికార్డు చేసేట్టయితే అనుమతి అడిగి, ఎవరు వింటారో చెప్పి చెయ్యాలి. విన్నంతసేపు "అవును, అది తప్పే" అని తల ఊపకుండా ఉండటం అన్నిటికంటే కష్టం. మీ తల ఊపు ఆ సాయంత్రానికల్లా తీర్పుగా మారి నలుగురికీ చేరుతుంది.

పాత పాస్టర్ల పేర్లు వరసగా, సరైన ఉచ్చారణతో నోటికి రావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. బాప్తిస్మం ఎవరిచేత పొందారో, పెళ్లి ఎవరు చేశారో, అమ్మను ఎవరు భూస్థాపన చేశారో జనానికి గుర్తుంటుంది. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం వాక్యం బోధించిన నాయకులను జ్ఞాపకం చేసుకోమంటుంది. కొరింథు సంఘంలో పౌలు నాటాడు, అపొల్లో నీళ్లు పోశాడు, అంటే ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు కొనసాగించారు. మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చాకే యెహోషువ పని మొదలైంది. ముందున్న పాస్టరు సేవలో ఉండగానే కన్నుమూసి ఉంటే ఆ దుఃఖానికి 30 రోజులు చాలవు. మొదటి వర్ధంతి దాకా ప్రసంగాల్లో, ప్రార్థనల్లో ఆయన పేరు పలుకుతూ ఉండాలి.

ఆయన బతికే ఉండి, ఆ ఊళ్లోనే ఉంటే? నియామక ఆరాధనకు ముందే వెళ్లి కలవండి. పెళ్లిళ్లు, భూస్థాపనలు, ఆస్పత్రి సందర్శనల విషయంలో ఎవరు ఎవరిని పిలవాలో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. కుటుంబాలు అడిగినా ఇప్పటి పాస్టరు పిలిస్తేనే పాత పాస్టరు వచ్చి పాల్గొనడం చాలా శాఖల్లో ఉన్న పద్ధతి. కనీసం ఒక ఏడాది ఆయన ఆ సంఘ వ్యవహారాలకు దూరంగా ఉండాలని నియమం పెట్టే శాఖలూ ఉన్నాయి. రాత ఎందుకంటే, ఆయనకు ఎంతో దగ్గరైన కుటుంబంలో చావు వచ్చిన రాత్రి ఈ విషయం మాట్లాడుకోలేరు. ఆ పిలుపు మీరే ముందు పిలవాలి. కన్నబిడ్డల్లా చూసుకున్నవాళ్ల అంత్యక్రియల్లో పాత కాపరికి ప్రార్థించే చోటు ఇస్తే మీ పరిచర్యకు పోయేదేమీ లేదు.

పోటీలో ఉండి ఎంపిక కానివారి సంగతి కూడా తెలుసుకోండి. ఇంగ్లండు పాదిరి చార్లెస్ సిమియన్ 1782లో కేంబ్రిడ్జ్‌లోని హోలీ ట్రినిటీ చర్చికి వచ్చినప్పుడు అక్కడివాళ్లు కోరుకున్నది తమ సహాయ పాదిరిని. ఆ కోపంతో తమ కుటుంబాలకు కేటాయించిన బెంచీల తలుపులకు తాళాలు వేసుకున్నారు, వినడానికి వచ్చినవాళ్లు నడవల్లో నిలబడాల్సి వచ్చింది. ఆయన అక్కడే 1836లో చనిపోయేదాకా 54 ఏళ్లు సేవచేశాడు. మొదట్లో ఎదురైన ఆ వ్యతిరేకతకు ఆయన బోధ ఒక కారణమైతే, ఆయన ఇంకా నోరు తెరవకముందే తగిలిన గాయం మరో కారణం.

సంస్కర్త జాన్ కాల్విన్ పద్ధతి నాకు ఇష్టం. 1538లో జెనీవా నగరం ఆయన్ను వెళ్లగొట్టింది, 1541 సెప్టెంబరులో తిరిగి పిలిచింది. వేదికెక్కి పాత లెక్కలు తీస్తాడని అందరూ ఎదురుచూశారు. ఆయన వెళ్లేటప్పుడు ఏ వాక్యభాగం దగ్గర ఆపాడో అక్కడినుంచే వివరణ కొనసాగించాడు.

దీనికి భిన్నమైన పాఠం అమెరికాలోని నార్తాంప్టన్‌లో ఉంది. సాలమన్ స్టాడర్డ్ అక్కడ దాదాపు 60 ఏళ్లు కాపరి. 1727లో సహాయకుడిగా చేరిన మనవడు జోనతన్ ఎడ్వర్డ్స్ 1729లో తాత చనిపోయాక ఆ స్థానంలోకి వచ్చాడు. మంచి నడవడి ఉన్నవారిని, మారుమనస్సు సాక్ష్యం అడక్కుండానే తాత ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారానికి) అనుమతించేవాడు. ఎడ్వర్డ్స్ చాలా ఏళ్లు అదే కొనసాగించి, 1740ల చివర్లో విశ్వాసపు ఒప్పుకోలు లేనిదే కుదరదన్నాడు. 1750లో సంఘం ఆయన్ను తొలగించింది. జీతం తగాదాలు, యువకుల మీద విచారణ వంటి వేరే కారణాలూ తోడయ్యాయి. ఎడ్వర్డ్స్ సిద్ధాంతం తప్పా ఒప్పా అన్నది పక్కనపెడితే, పాస్టర్లకు ఇక్కడ పనికొచ్చే సంగతి ఇది: ఇరవై ఏళ్ల మౌనాన్ని సంఘం అంగీకారంగానే తీసుకుంటుంది. మీ మనస్సాక్షి ఒప్పుకోని ఆచారం ఏదైనా ఆ సంఘంలో ఉంటే, పిలుపును అంగీకరించకముందే ఎంపిక కమిటీకి రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు పిలుపు రాకపోవచ్చు. గౌరవం పేరుతో దాచిపెట్టి, స్థిరపడ్డాక బయటపెట్టడం కంటే అది మేలు.

మొదటి ఏడాది తాకకూడనివి ఏవంటే ఆరాధన సమయం, ప్రభువు బల్ల ఇచ్చే తీరు, పాటల పుస్తకం, కూర్చునే అమరిక, వార్షికోత్సవం, గోడమీది ఫలకాలు. వెంటనే సరిచెయ్యాల్సినవీ ఉన్నాయి: పిల్లల భద్రత, కానుకలు ఒక్కరే లెక్కపెట్టే అలవాటు, ప్రమాదకరమైన కరెంటు తీగలు, చట్టం అడిగే కాగితాలు. వీటికి ఏడాది ఆగడం గౌరవం అనిపించుకోదు. పాటల పుస్తకం గురించి ఒక మాట. 1854లో ప్రసిద్ధ బోధకుడు చార్లెస్ స్పర్జన్ లండన్‌లోని న్యూ పార్క్ స్ట్రీట్ చాపెల్‌కు వచ్చేనాటికి అక్కడ పాడుతున్నవాటిలో 63 ఏళ్లు కాపరిగా ఉన్న జాన్ రిప్పన్ కూర్చిన సంపుటి ఒకటి. స్పర్జన్ కొత్త పాటల పుస్తకం తెచ్చింది 1866లో, అంటే వచ్చిన పన్నెండేళ్లకు. ఆ మధ్యలో 1861లో కొత్త మందిరమే కట్టేశారు.

వస్తువుల విషయంలో ఒక్కటే నియమం: ఎవరిచ్చారో తెలియనిదాన్ని కదపవద్దు. గంట, బల్ల, బాప్తిస్మపు తొట్టి, వేదిక, కుర్చీలు, గడియారం, గిన్నెలు, ప్రతిదానికీ ఒక సంఖ్య, వివరం, దాత, సంవత్సరం, మీద రాసి ఉన్నది, ఇప్పటి స్థితి, ఒక ఫొటో రాసి పెట్టుకోవాలి. తీసేయక తప్పనప్పుడు ముందు దాత కుటుంబానికి ఇంటికెళ్లి చెప్పాలి, తర్వాత కమిటీ తీర్మానం, తర్వాత ఆ కుటుంబానికే తిరిగి తీసుకునే అవకాశం. ఈ వరస తిరగబడి, ఆదివారం వచ్చి చూసేసరికి తల్లి పేరున్న కుర్చీ కనిపించకపోతే ఎన్ని క్షమాపణలైనా సరిపోవు. గోడలకు రంగులు వేయించే ముందు శంకుస్థాపన రాయిని, ఫలకాలను ఫొటో తీసి, కాగితం అంటించి కప్పించండి. చెక్కిన అక్షరాల్లోకి పెయింటు దిగితే గీకి తీసేటప్పుడు అక్షరమే అరుగుతుంది.

అయితే పాత వస్తువుకే పూజ మొదలైతే? మోషే చేయించిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా ముక్కలు చేశాడు, జనం దానికి ధూపం వేస్తున్నారు కాబట్టి (2 రాజులు 18). దేవుడు చెప్పి చేయించిన వస్తువే అది. కానీ ఆ అధ్యాయం చూపించి ప్రతి పాత బెంచీనీ ఇత్తడి సర్పం అనేయడం కొత్త పాస్టర్ల రోగం. జనానికి ఆ బెంచీ మీద ఉన్నది చాలాసార్లు ప్రేమే.

కాలపట్టిక అసలు ఉపయోగం మార్పు తేవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఇప్పుడున్న ఒక్కో ఆచారం ఎప్పుడు మొదలైందో పక్కన రాయండి. "మొదట్నుంచీ ఇంతే" అన్నవాటిలో కొన్ని పదిహేనేళ్ల కిందటివని తేలుతుంది. సాయంకాలపు కూడిక మొదలుపెట్టినప్పుడు, స్త్రీలకు మొదటిసారి ఓటు ఇచ్చినప్పుడు, మైకు పెట్టినప్పుడు ఎవరు ఎందుకు వద్దన్నారో, చివరికి ఎలా ఒప్పుకున్నారో మినిట్స్‌లో ఉంటుంది. స్థాపించినవాళ్లు చాలాసార్లు ఇప్పటివాళ్లకంటే ధైర్యవంతులు. ఆ సంగతి కమిటీలో ఒక పెద్దాయన నోటినుంచి వస్తే బాగుంటుంది, మీరు పుస్తకం తెరిచి తేదీ చదివి ఆయన్ని తప్పుపట్టినట్టు కాకూడదు. మీటింగుకు వారం ముందు ఆ పేజీ కాపీ ఆయన చేతికే ఇవ్వండి. ఇస్సాకు తండ్రి తవ్విన బావుల్ని తిరిగి తవ్వించి వాటికి తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. కొత్తగా తలపెట్టిన పనికి పాత పేరు దొరికితే అదే పెట్టండి.

వార్షికోత్సవానికి మూడు నెలల ముందు పని మొదలవ్వాలి. ముందు తేదీ తేల్చుకోవాలి. మొదటి ప్రార్థన కూడిక, సంఘంగా ఏర్పడిన రోజు, మందిర ప్రతిష్ఠ, ఈ మూడూ వేర్వేరు సంవత్సరాలు కావచ్చు. దేన్ని లెక్కిస్తున్నారో కరపత్రంలో రాయండి, లేకపోతే ఆ రోజంతా అదే వాదన. సాక్ష్యాలు ముగ్గురు నలుగురు చాలు, వేర్వేరు దశకాల నుంచి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, రాసుకుని చదవాలి. పేర్లు చదివేట్టయితే 60 పేర్లకు నాలుగైదు నిమిషాలు పడుతుంది, పరుగెత్తకూడదు. జాబితా ముసాయిదాను నెల ముందే తలుపు దగ్గర పెట్టి, వదిలిన పేర్లు రాయడానికి ఖాళీ కాగితం, పెన్ను ఉంచండి. వదిలేది ఎప్పుడూ ఆడవాళ్ల పేర్లే, తర్వాత వాయిద్యం వాయించినవాళ్లవి.

యెరూషలేములో కొత్త మందిరం పునాది వేసిన రోజు పాత ఆలయం చూసిన వృద్ధులు ఏడిస్తే, మరి చాలామంది సంతోషంతో కేకలు వేశారని, ఏది ఏడుపో ఏది సంతోషమో తెలియలేదని ఎజ్రా 3లో ఉంది. ఆ ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టమని ఎవరికీ పని అప్పగించొద్దు.

గాయాల చరిత్ర వేరే. చీలిక, డబ్బు దుర్వినియోగం, ఒక వర్గంవాళ్లను వెనుక బెంచీలకు పరిమితం చెయ్యడం లాంటివి కాలపట్టికలో కనిపిస్తే వాటిని ఉత్సవ సంచికలో పూలతో కప్పకండి. ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలకు వెళ్లిన ఉత్తరాల్లో మెప్పు, మందలింపు చాలావాటిలో పక్కపక్కనే ఉన్నాయి. బహిరంగంగా ఒప్పుకోవాలంటే ముందు పెద్దల తీర్మానం ఉండాలి. చదవబోయే మాటలు నష్టపోయినవాళ్లకు ముందే చూపించాలి, వాళ్లు వద్దంటే ఆగాలి. "కొన్ని పొరపాట్లు జరిగాయి" అనే వాక్యం రాయొద్దు, ఎవరు ఏం చేశారో కర్తతో సహా చెప్పాలి. అప్పుడు మీరు అక్కడ లేరు కాబట్టి క్షమాపణ మీ సొంత పేరుతో కాదు, సంఘం పేరుతో. పిల్లల మీద గానీ స్త్రీల మీద గానీ జరిగిన అత్యాచారం బయటపడితే దాన్ని చరిత్ర కింద జమకట్టకూడదు, సంఘంలోపల విచారణ జరిపి ముగించకూడదు. పోలీసులకు, చట్టం చెప్పిన అధికారులకు ఆ రోజే తెలియజెయ్యాలి. అలా తొలగిన పాస్టరు పేరును జాబితాలోంచి చెరిపేయనక్కర్లేదు, సంవత్సరాలు ఉంచండి. ఆయన ఫొటోను మాత్రం బాధితులు ప్రతి ఆదివారం చూడాల్సిన గోడమీద ఉంచకండి.

ఇదంతా జరుగుతుండగా మీ తర్వాత వచ్చేవారి కోసం ఒక ఫైలు తెరవండి. కాలపట్టిక, వస్తువుల జాబితా, షరతులున్న నిధులు, ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో, పాత పాస్టరుతో చేసుకున్న ఒప్పందం, ప్రతి ఏడాది చివర ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఎవరికి నచ్చలేదో ఒక పేజీ. ఇళ్లల్లో రహస్యంగా చెప్పినవి అందులో రాయకూడదు. ఒక కాపీ కార్యదర్శి దగ్గర, ఒకటి ఆఫీసు బీరువాలో. మీ ప్రసంగాల జాబితా అందులో అక్కర్లేదు.